పద్దెనిమిది ఇన్నింగ్స్ ఆడినోళ్ళు, ఓటు వెయ్యకుండా ఇంటికెళ్ళినోళ్ళు

నిన్న 2026 జనవరి హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టాం. కట్టేశాక మా ఆయన ల్యాప్‌టాప్ మూసేసి ఏమీ మాట్లాడకుండా గరాజ్‌లోకి వెళ్ళిపోయారు, నాకు మాత్రం కడుపు మండిపోతోంది, రాత్రంతా నిద్ర లేదు, అందుకే ఇది రాస్తున్నా.

మేముండేది డాలస్ పక్కన. మా ఆయన రెండేళ్ళ కింద కంపెనీ జాబ్ మానేసి సొంతంగా చిన్న బిజినెస్ మొదలుపెట్టారు, అప్పట్నుంచి మా నలుగురికీ ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్‌లో, అంటే కంపెనీ ఇన్సూరెన్స్ లేనివాళ్ళు సొంతంగా కొనుక్కునే ప్రభుత్వ సైట్‌లో, కొనుక్కున్న ప్లానే. 2021లో కోవిడ్ టైంలో ఆ ప్రీమియంలో ప్రభుత్వం భరించే సబ్సిడీలు పెంచారు, 2022లో ఇంకో చట్టం చేసి 2025 చివరిదాకా పొడిగించారు. డిసెంబర్ 31తో అయిపోయింది. ఇప్పుడు మళ్ళీ పాత గీత వచ్చింది, నలుగురున్న ఇంట్లో 2026 ఆదాయం 1,28,600 డాలర్లు దాటితే సబ్సిడీ సున్నా. ఒక్క డాలర్ దాటినా సున్నానే. సొంత బిజినెస్ వాళ్ళకి ఏడాది మొదట్లో ఎలా తెలుస్తుంది ఆ గీతకి ఇటుంటామో అటుంటామో? ఎక్కువ అంచనా వేస్తే ఇప్పుడే నెలనెలా కట్టలేం, తక్కువ వేస్తే ట్యాక్స్ టైంలో మొత్తం వెనక్కి కట్టాలి.

నవంబర్ 1న ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే వచ్చే ఏడాదికి ప్లాన్ ఎంచుకునే గడువు, మొదలైంది. ఆ పొద్దున సైట్ తెరిచి 2026 రేట్లు చూశాం, పోయినేడు కట్టినదానికి రెట్టింపు దాటింది. నేను రెండుసార్లు వయసులూ పిన్‌కోడూ సరిచూసుకున్నా తప్పేమన్నా కొట్టానేమోనని. అదే సాయంత్రం టొరంటోలో బేస్‌బాల్ ఫైనల్ వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, టొరంటో బ్లూ జేస్‌కీ లాస్ ఏంజెలస్ డాడ్జర్స్‌కీ, మా పదకొండేళ్ళ వాడి కోసం అందరం టీవీ ముందు కూర్చున్నాం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్లూ జేస్ 4-3తో గెలవబోతున్నారు, ఇంకో రెండు ఔట్‌లు చాలు, అప్పుడు డాడ్జర్స్ ఆటగాడు మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టి సమం చేశాడు, పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ ఇంకోటి కొట్టాడు, ఆఖర్న బాల్ వేసి డాడ్జర్స్‌ని గెలిపించింది యమమోటో, ముందురోజు రాత్రే 96 బాల్స్ వేసిన మనిషి! నేను టీవీ వైపు చూస్తున్నా గానీ తలలో ఆ ప్రీమియం అంకే తిరుగుతోంది.

నా మనసులో ఇంకా గట్టిగా నిలిచిపోయింది మూడో మ్యాచ్. అక్టోబర్ 27, లాస్ ఏంజెలస్‌లో, మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ అయితే ఆరోజు పద్దెనిమిది, ఆరున్నర గంటలు దాటింది, ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్‌తో అయిపోయేసరికి మాకు రాత్రి రెండు కావస్తోంది. డాడ్జర్స్ దగ్గర బాల్ వేయడానికి బుల్‌పెన్‌లో చివరికి మిగిలింది విల్ క్లెయిన్ అనే కుర్రాడు, చాలామందికి అప్పటిదాకా పేరే తెలీదు, అతను వచ్చి నాలుగు ఇన్నింగ్స్ వేసి ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. ప్లేఆఫ్స్‌లో డ్రా ఉండదు, టైం అయిపోయింది పదండి అనేది ఉండదు. ఎవరో ఒకరు గెలిచేదాకా అందరూ గ్రౌండ్‌లోనే ఉండాలి.

ఆ రోజుకి ఖర్చుల బిల్లు పాసవక గవర్నమెంట్ షట్‌డౌన్ అయ్యి ఇరవై ఏడు రోజులు. గొడవంతా ఈ సబ్సిడీల మీదే! కాంగ్రెస్ కింది సభ హౌస్ వాళ్ళు సెప్టెంబర్ 19న ఓటేసి ఊళ్ళకి వెళ్ళిపోయారు, మళ్ళీ ఓటింగ్ జరిగింది నవంబర్ 12న. దాదాపు ఎనిమిది వారాలు. 43 రోజులు షట్‌డౌన్ నడిచి, ఎయిర్‌పోర్టుల్లో కంట్రోలర్లు జీతాల్లేకుండా పనిచేసి, చివరికి తెరిచినప్పుడు సబ్సిడీల గురించి వచ్చింది డిసెంబర్‌లో పై సభ సెనేట్‌లో ఓటు పెడతాం అన్న మాట ఒక్కటే. పెట్టారు. డిసెంబర్ 11న డెమొక్రాట్ల బిల్లుకి 51-48, రిపబ్లికన్ల బిల్లుకీ 51-48, అరవై ఓట్లు కావాలి కాబట్టి రెండూ పోయాయి. తర్వాత పండక్కి ఇళ్ళకి వెళ్ళారు.

నేను ఏ పార్టీ మనిషినీ కాదు. ఒబామాకేర్ చట్టం 2010 మార్చిలో వచ్చింది, రద్దు చేసి ఇంతకన్నా మంచిది తెస్తాం అని రిపబ్లికన్లు అప్పట్నుంచి అంటూనే ఉన్నారు. 2017 జులైలో వాళ్ళ సెనేటరే మెక్‌కెయిన్ అర్ధరాత్రి దాటాక బొటనవేలు కిందికి చూపించి రద్దు బిల్లుని ఆపిన రోజున కూడా వాళ్ళ చేతిలో పూర్తి ప్లాన్ లేదు, ఇవాళ్టికీ లేదు. డెమొక్రాట్ల మీద కోపం వేరే. సబ్సిడీలు పెంచింది వాళ్ళే, గడువు పెట్టిందీ వాళ్ళే, ఆ గడువు ఎప్పుడు అయిపోతుందో రాసినరోజే తెలుసు కదా. 2025లో ఈ మార్కెట్‌ప్లేస్‌లో ఉన్నది దాదాపు 2.4 కోట్ల మంది, అందులో ఎంతమంది మాలాగా చిన్న షాపులూ ట్రక్కులూ నడుపుకునేవాళ్ళో.

గుంటూరు నుంచి నాన్న ఫోన్ చేస్తే చెప్పా. "ఏమ్మా, ఇక్కడ ఆరోగ్యశ్రీకి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది గానీ కార్డు ఉన్నవాడికి ఆపరేషన్ అవుతుంది, అక్కడ అదీ లేదా" అన్నారు. ఇక్కడ అరవై ఐదు దాటితే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ ఉంది నాన్నా, మాకే లేదు అన్నా. ఆయన కాసేపు ఏం అనలేదు, డబ్బులేమన్నా పంపనా అని అడిగారు. రిటైరయిన టీచర్, అమెరికాలో ఉన్న కూతుర్ని ఆ మాట అడగాల్సి వచ్చిందే అని ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

పోయినేడు ఉన్న సిల్వర్ ప్లాన్ మా వల్ల కాలేదు, బ్రాంజ్ తీసుకున్నాం, ఒక్కొక్కరికి డిడక్టిబుల్, ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేముందు మనం పెట్టుకోవాల్సింది, ఏడు వేల డాలర్ల పైనే. అంటే దాదాపు అన్నీ ముందు మన జేబులోంచే.

ఇంతలో మా వాడు. ఫాల్ సీజన్‌లో బేస్‌బాల్ టీమ్‌కి పిచింగ్ చేశాడు, అంటే బాల్ వేశాడు, కోచ్ చాలా జాగ్రత్త మనిషి, ఆ వయసు పిల్లలకి రోజుకి 85 బాల్స్ మించకూడదు, 66 దాటితే నాలుగు రోజులు రెస్ట్ అనే రూల్ నోట్‌బుక్‌లో లెక్క రాసి మరీ పాటిస్తాడు. అయినా పోయినవారం వాడు అన్నం కలుపుకుంటూ మోచెయ్యి పట్టుకున్నాడు. ఏంట్రా అంటే ఏం లేదమ్మా అన్నాడు. రెండోరోజు మళ్ళీ అడిగితే, "డాక్టర్ దగ్గరకి వద్దులే అమ్మా, ఇప్పుడు మనమే కట్టాలి కదా" అన్నాడు.

మేమిద్దరం వంటింట్లో మాట్లాడుకున్నవన్నీ వాడు వింటున్నాడని నాకు తెలీదు.

ఆ వయసులో ఎముక ఇంకా పెరుగుతుంటుంది, పిచింగ్ నొప్పిని వదిలెయ్యకూడదని కోచ్ సీజన్ మొదట్లోనే పేరెంట్స్ అందరికీ చెప్పాడు. సోమవారం తొమ్మిదింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా, ఎక్స్‌రే తీస్తారట. మా కాంగ్రెస్‌మన్ ఆఫీస్‌కి ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేసి మెసేజ్ పెట్టా, ఒక్కసారీ తిరిగి ఫోన్ రాలేదు. సోమవారం హాస్పిటల్ పార్కింగ్‌లోంచి ఐదోసారి చేస్తా, ఈసారి మా వాడు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్తా.