గ్యాసు కాదంట, ఫ్యానంట

అమ్మకి కళ్లు చూపించాలని పొద్దున్నే కార్లో కావలి నుంచి నెల్లూరు బయల్దేరాం. హైవే మీద ఉన్నంతసేపూ ఏసీ బాగానే పనిచేసింది, అమ్మ కొంగు కప్పుకుని కూర్చుంది కూడా. ట్రంకురోడ్డులో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక ఐదు నిమిషాలకి వేడిగాలి మొదలైంది, కాస్త కదిలితే మళ్లీ చల్లగా వస్తోంది. పోయిన నెల్లో ఇదే కంప్లయింటుతో ఒక షాపుకెళ్తే గ్యాసు తగ్గిందని పద్దెనిమిది వందలు తీసుకుని నింపారు. నేనూ నోరు మూసుకుని ఇచ్చి వచ్చా.

కానీ ఈరోజు టెంపరేచర్ ముల్లు కూడా సగం దాటి పైకి పోతోంది. గ్యాసు తగ్గితే ముల్లెందుకు లేస్తుంది? ఏసీ కట్టేసి, ఇంజన్ వేడి కొంతైనా లాగుతుందని హీటర్ ఫుల్లుగా పెట్టా. రోహిణి కార్తెలో కార్లో కుంపటి పెడతావేందిరా అని అమ్మ ఒకటే తిట్లు. ముల్లు మాత్రం కాస్త దిగింది. ఎలాగో ఆసుపత్రి ముందు చెట్టు కింద ఆపి బానెట్ ఎత్తితే ఇంజన్ సెగలు కక్కుతోంది, రేడియేటర్‌కీ ఏసీకీ గాలి కొట్టే ఫ్యాన్ మాత్రం కదలకుండా కూర్చుంది. రేడియేటర్లో నీళ్లు పోయమని అమ్మ బాటిల్ ఇచ్చింది గానీ, వేడి మీద మూత తీస్తే మరిగిన నీళ్లు మొహాన చిమ్ముతాయి, అలాగే వదిలేశా.

వచ్చేటప్పుడు హైవేలో ఏ ఇబ్బందీ లేదు. ఎదురుగాలే ఫ్యాన్ పని చేసేస్తోంది, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు.

సాయంత్రం మా వీధి చివర కార్ల కరెంటు పనిచేసే అబ్బాయి దగ్గరికి తీసుకెళ్లా. ముందు ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయించాడు, మామూలుగా ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలంట. తిరగలేదు. ఫ్యూజు బాగుంది. రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్చు, పీకి హారన్‌ది దాని బదులు పెట్టాడు, రెండూ ఒకటే రకం కాబట్టి, అయినా లేదు. ఫ్యాన్ ప్లగ్గు ఊడదీసి టెస్ట్ ల్యాంప్ పెడితే భలే వెలిగింది, అంటే కరెంటు అక్కడిదాకా వస్తోంది. ప్లగ్గు ప్లాస్టిక్ ఒక మూల మాడి బెల్లం రంగుకి తిరిగి ఉంది. బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా ఇచ్చినా మోటార్ కదల్లేదు, స్పానర్ వెనకవైపుతో మెల్లగా రెండు దెబ్బలు వేస్తే మాత్రం గుయ్యిమని లేచింది! "మోటార్ లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయన్నా, ఇది ఎప్పుడు నిలబడేదీ చెప్పలేం, మార్చేద్దాం" అన్నాడు. ప్లగ్గు కూడా కొత్తది వేస్తాడంట. రెక్కల దగ్గర చెయ్యి పెట్టేముందు తాళం తీసేసి ఫ్యూజు కూడా పీకాడు, కొన్ని కార్లలో ఇంజన్ ఆపినా ఫ్యాన్ తిరుగుతుందంట.

ఈ సంగతి ఇంట్లో చెబితే అమ్మ, కళ్లలో చుక్కలు వేయించుకుని నల్లద్దాలతో కూర్చుని, "అవునురా, నువ్వు ఇంటికొచ్చి కారాపాక కాసేపు గుయ్యిమనేది గదా, ఈ మధ్య ఆ శబ్దమే లేదు" అంది.

మోటార్ రేపు బస్సులో వస్తుందంట. అప్పటిదాకా ఊళ్లోకి స్కూటరే.