ఎదురింటి సారు కాగితం

రాత్రి పన్నెండు దాటింది. ఈయన గురక మొదలుపెట్టి గంటయింది. నేను ఈ వేళప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్నానంటే ఎక్కడో ముల్లు విరిగిందని మీకు తెలుసు. ఈసారి కోడలు కాదు, మోకాలు కాదు. ఎదురింటి సారు.

సాయంత్రం పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతుంటే గేటు చప్పుడైంది. చేతిలో అట్ట, అట్ట మీద నాలుగు కాగితాలు, జేబులో రెండు పెన్నులు. ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి కదా, ఒక పెన్ను రాయకపోతే ఇంకొకటి ఉండాలి. "అమ్మా, ఒక సంతకం కావాలి" అన్నారు. మంచినీళ్ల పైపు సంగతేమో అనుకుని చేయి తుడుచుకుంటూ వచ్చాను. చదివితే విమానాల గురించి. వరంగల్ పక్కనున్న మామునూరు పాత విమానాశ్రయంలో మళ్లీ విమానాలు మొదలయ్యాక అవి ఎక్కే దారి, దిగే దారి మా కాలనీ నెత్తి మీదుగా ఉండకూడదట. దారి ఖరారు చేసే ముందు కింద ఉండేవాళ్లను అడగాలట. రాత్రి పది దాటాక అసలే వద్దట.

నవ్వు ఆపుకోలేకపోయాను. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా సారూ? విమానం ఇంకా రానే లేదు, గొడవ మాత్రం ముందే దిగింది" అన్నాను. లోపల్నుంచి ఈయన నాకంటే గట్టిగా నవ్వారు. సారు నవ్వలేదు. "వచ్చాక అడిగితే ఏం లాభం అమ్మా, గీత గీసేది ముందే కదా" అని ఒక ప్రతి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. చెప్పులు వేసుకునేటప్పుడు ఎప్పుడూ మా గోడ పట్టుకుంటారు. ఇవాళ పట్టుకోలేదు, కొంచెం తూలారు. అదే కళ్లలో ఉండిపోయింది.

ఈయన ఎందుకు నవ్వారో మీకు చెప్పక్కర్లేదు. ఖమ్మం రోడ్డు మీద ఆ రెండు వందల గజాలు. ముళ్లకంప తప్ప మరేమీ మొలవని ఆ ప్లాటుకు విమానాలొస్తే ధర పెరుగుతుందని ఈయన మామునూరు చరిత్రనంతా సంధ్యావందనంలా వల్లిస్తారు. నిజాం 1930లో కట్టించాడు, 1981 దాకా విమానాలు దిగాయి, తరువాత గేదెలు మేశాయి. శంషాబాద్ విమానాశ్రయం కట్టేటప్పుడు చుట్టూ 150 కిలోమీటర్లలో మరొకటి రాకూడదని ఒప్పందం రాసుకున్నారు, అది మన పాలిట శాపమైంది. చివరికి శంషాబాద్ వాళ్లు అభ్యంతరం లేదన్నారు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం సరేనంది. ఉన్న 696 ఎకరాలకు ఇంకా 253 కలపాలన్నారు. ఈ అంకెలు ఈయనకు మా పెళ్లి తేదీ కంటే బాగా గుర్తుంటాయి. (పెళ్లి తేదీ ఈసారి కూడా కోడలే గుర్తుచేసింది. అది ఇంకో రోజు రాస్తాను.)

వరంగల్ ఇన్నేళ్లుగా ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఆ ఊళ్లో ఉండి చప్పుడు వద్దని కాగితం పట్టుకు తిరగడమా? సారు కొడుకు అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్లి వచ్చినప్పటి నుంచీ సారుకు ఈ పట్టుదల. అక్కడ 2014 సెప్టెంబరులో విమానాలు లేచి వెళ్లే దారులు మార్చారట. పూర్వం విమానాలు పైకి లేచాక తలా ఒక దిక్కుగా విసనకర్రలా పరుచుకునేవి, కాబట్టి చప్పుడు అందరికీ కాస్త కాస్త పంచినట్టు ఉండేది. ఉపగ్రహాల సాయంతో దారి కట్టాక ప్రతి విమానమూ అదే గీత మీద, తాడు మీద నడిచే దొమ్మరివాడిలా పోతుంది. గీత కింద ఇల్లున్నవాడికే మొత్తం వడ్డన. పాత పేటల జనం గోల పెట్టారు, నగరపాలక సంస్థే కోర్టుకు వెళ్లింది. 2017లో తీర్పు వచ్చింది, జనాన్ని సరిగా అడగకుండా దారి మార్చడం తప్పని. మరుసటి ఏడాది దారులు దాదాపు పాత పద్ధతికి తిప్పారు. సారు ఇదంతా చెప్పి "చూశారా, మూడేళ్లు తిరిగాక" అంటారు. ఏం చూడాలి? అది ఫీనిక్స్, ఇది రంగశాయిపేట.

నన్ను అసలు మండించేది ఇది కూడా కాదు. మొదటినుంచీ చెబుతున్నదే.

సందు చివర ఫంక్షన్ హాలు. ఈ వారంలో మూడు రాత్రులు. మొన్న బారాత్‌లో ఆ డీజే బండి మా గేటు ముందే అరగంట ఆగింది. కిటికీ అద్దాలు కాదు, వంటింట్లో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగాయి. అల్మారా మీది గంగాళం మూత జారి కింద పడింది. మనవరాలు బెదిరి నా చీర కుచ్చెళ్లలో ముఖం దాచుకుంది. గుండె ఎడమవైపు కాకుండా గొంతులో కొట్టుకుంటున్నట్టు అనిపించింది నాకు. వందకు ఫోను చేస్తే వస్తున్నామన్నారు. వచ్చేసరికి బండి ముందుకు కదిలింది, వాళ్లు వెళ్లగానే మళ్లీ వెనక్కు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకరు పెట్టకూడదన్న నిబంధనలు 2000లోనే వచ్చాయని చెప్పింది ఈ సారే. ఇళ్లు ఉన్నచోట రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని అంకెతో సహా చెప్పారు. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి చప్పుడు రెట్టింపైనట్టు ఉంటుందని కూడా వివరించారు, గరిటె నా చేతిలోంచి తీసుకుని గిన్నె మీద కొట్టి మరీ.

మరి ఆ ఫంక్షన్ హాలు మీద సారు కాగితం ఎందుకు రాయలేదు? రెండేళ్ల కిందట నేనే రాద్దామన్నాను. "తెలిసిన వాళ్లు అమ్మా" అన్నారు. వాళ్ల అమ్మాయి రిసెప్షన్ అక్కడే అయింది మరి. పక్కనున్న చప్పుడును బతిమాలుకుంటారు, రాని చప్పుడు మీద యుద్ధం ప్రకటిస్తారు. విమానం ఎవరి మేనమామా కాదు కాబట్టి దానితో మొహమాటం లేదు.

(మా వాడి రిసెప్షన్ కూడా అక్కడే అయింది. పన్నెండున్నర దాకా సాగింది. నేనూ నాలుగు అడుగులు వేశాను. సరే.)

సారు వెళ్లాక పులుసు కలుపుతూ నాలో నేను గొణుక్కున్నాను. చప్పుడంటే ఏమిటో వీళ్లకు తెలుసా? నేను కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. పట్టాలకూ మా పెరటి గోడకూ మధ్య ఒక తుమ్మచెట్టు, ఒక బొగ్గు కుప్ప. తెల్లవార్లూ షంటింగ్. డబ్బా వచ్చి డబ్బాకు గుద్దుకుంటే ఆ దెబ్బ వరసంతా పాకి చివరి డబ్బా దాకా వెళ్లేది, మా నవారు మంచం కూడా ఆ వరసలో ఒక డబ్బా అన్నట్టు. బాపు ఆవిరి ఇంజను మీద ఫైర్‌మన్. ఆయన డ్యూటీలో ఉన్న బండి మా ఇంటి వెనుకగా పోతే డ్రైవరు మామ రెండు చిన్న కూతలు వేసేవాడు. నానమ్మ నిద్రలోనే "పోయిండు" అని అటు తిరిగి పడుకునేది. ఆ చప్పుడు మాకు జోలపాట.

ఇంతవరకూ మీరు ఇంతకుముందు కూడా చదివి ఉంటారు, నేను గొప్పగా చెప్పుకునే కథే. 1974 సమ్మె కూడా రాశాననుకుంటాను. మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. నాకు తొమ్మిదేళ్లు. పోలీసులు క్వార్టర్ల చుట్టూ తిరిగేవారు. దొరికినవాళ్లను పట్టుకుపోతారని, క్వార్టర్లు ఖాళీ చేయిస్తారని మాట. బాపు మడికొండ వైపు మామిడి తోటల్లో ఎక్కడో పడుకునేవాడు. పగలు ఎవరో పిల్లవాడు వచ్చి సద్ది పట్టుకుపోయేవాడు. రాత్రి మా వెనుక యార్డు చచ్చినట్టు పడి ఉండేది. అప్పుడే మొదటిసారి నాకు బావి గిలక కిర్రుమనడం వినిపించింది. మా నల్ల కుక్క నీళ్లు తాగే చప్పుడు కూడా. నానమ్మ మంచం మీద లేచి కూర్చునేది. "బండి కూత వేయకుండా కన్ను ఎలా మూతపడుతుందే" అని తెల్లవార్లూ వక్క నమిలేది. నేనూ ఆమె పక్కన మేలుకునే ఉండేదాన్ని. మే 27న సమ్మె విరమించారు. ఆ తరువాత మొదటి గూడ్సు బండి కదిలిన రాత్రి నానమ్మ వక్క నోట్లో ఉండగానే నిద్రపోయింది.

ఈ కథ చెప్పి సారు నోరు మూయించాలని అనుకున్నాను. చప్పుడు అలవాటవుతుంది సారూ, లేకపోతేనే భయం అని. రేపు ఉదయం పాల ప్యాకెట్టు తెచ్చుకునేటప్పుడు చెబుదామని వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను.

పడుకున్నాక గుర్తొచ్చింది, ఆ రాత్రుల్లో అమ్మ ఎక్కడుంది?

కథలో ఎప్పుడూ నానమ్మ, నేను, బాపు. అమ్మ లేదు. ఎందుకు లేదంటే, అమ్మ నిద్రపోయింది. మా ఇద్దరి మంచాలకు అవతల, చాప మీద, వెల్లకిలా, నోరు తెరుచుకుని. ఒక చేయి నేల మీదికి జారి ఉంది. అమ్మ అలా పడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. మామూలు రాత్రుల్లో అమ్మకు నిద్ర ఉండేది కాదు. కొబ్బరినూనెలో ముంచిన దూది చెవుల్లో పెట్టుకుని, నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. తలనొప్పి అనేది. అందరూ "నీకు ఎప్పుడూ తలనొప్పే" అనేవారు. నేను కూడా. పెళ్లయి జనగామ పక్క పల్లె నుంచి వచ్చిన పిల్ల, వరి పొలాల మధ్య పెరిగింది. ఆ గుద్దులు ఆమెకు ఎన్నడూ జోలపాట కాలేదు. మొగుడు తోటల్లో దాక్కున్నాడు, రేపు ఇల్లు ఉంటుందో లేదో తెలియదు, అయినా ఆ ఇరవై రాత్రులూ అమ్మ నిద్రపోయింది. పొద్దున లేచి తనే సిగ్గుపడేది కాబోలు, "ఎందుకో కళ్లు మూతపడ్డాయి" అనేది నానమ్మతో. నానమ్మ ఆ మాటను చాలా ఏళ్లు దెప్పింది. మొగుడు కష్టంలో ఉంటే నిద్రపోయిన కోడలని.

అది తలచుకున్నాకే లేచి వచ్చి ఇక్కడ కూర్చున్నాను.

ఇప్పుడు సారును ఏమనాలో తెలియడం లేదు. బల్ల మీది కాగితం మళ్లీ చదివాను. విమానాశ్రయం వద్దని ఎక్కడా లేదు. ఈయన, నేను అలాగే విన్నాము. వద్దని కాదు, దారి గీసే ముందు అడగమని. రద్దీ తక్కువ ఉన్న విమానాశ్రయాల చుట్టుపక్కల పగలు 65, రాత్రి 60 డెసిబెల్స్ హద్దని 2018లో కేంద్రం నిర్ణయించిందని, మామూలుగా ఇళ్లకు రాత్రి 45 కదా, ఆ తేడాలో ఎవరెవరు పడతారో ముందే చెప్పమని రాశారు. విమానం గాలికి ఎదురుగా ఎక్కుతుంది, దిగుతుంది కాబట్టి వానాకాలం గాలికి ఒక వైపు వాళ్లకు, చలికాలం గాలికి ఇంకో వైపు వాళ్లకు వంతు వస్తుందని చిన్న బొమ్మ కూడా గీశారు. బొమ్మలో మా కాలనీ ఒక చుక్క. స్కేలు పెట్టి గీసిన మనిషిని నేను సోమలింగం అన్నాను.

అలాగని పూర్తిగా సారు వైపుకూ వెళ్లలేను. సాయంత్రమే గాడేపల్లి బావకు ఫోను చేసి ఈ కాగితం సంగతి నవ్వుతూ చెప్పాను. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడేపల్లి, ఆ 253 ఎకరాలూ పోతున్నది ఆ మూడు ఊళ్లవే. బావ కూడా నవ్వాడు కానీ వేరే రకంగా. "మీకు పైనుంచి పోతుంది మరదలా, మాకు పైనే వచ్చి దిగింది" అన్నాడు. ఆయన మిరప చేను ఇక లేదు. చప్పుడు గురించి సంతకాలు పెట్టాలంటే మొదటి వరసలో వాళ్లు ఉండాలి. సారు అట్టలో మా కాలనీ ఇళ్ల నంబర్లే ఉన్నాయి. అది మాత్రం రేపు అడుగుతాను. వదలను.

ఫంక్షన్ హాలు సంగతి కూడా అడుగుతాను. ఆయన కాగితంలో అయిదో కోరికగా అది చేరిస్తే అప్పుడు చూద్దాం.

ఇప్పుడు ఒంటిగంట పది. దూరంగా బండి కూత వేసింది, వరంగల్ స్టేషను దాటుతున్నట్టుంది. ఏ బండో నాకిప్పుడు తెలియదు. ఒకప్పుడు చెప్పేదాన్ని.

కాగితంలో సారు అయిదు చోట్ల 'శబ్ధం' అని రాశారు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, చూస్తూ ఊరుకోలేను. ఎర్ర పెన్ను వెతికి అయిదింటినీ 'శబ్దం' అని దిద్దాను. దిద్దిన కాగితం తిరిగి ఇస్తే ఇంకా కోపం వస్తుందేమో. శుభ్రంగా మళ్లీ రాసి ఇవ్వాలి. ఎలాగూ రాస్తున్నాను కదా అని అడుగున నా పేరు, ఇంటి నంబరు కూడా వేశాను. సంతకం దగ్గర ఆగాను.

ఈయన పొద్దున లేస్తే ప్లాటు ధర గురించి ఉపన్యాసం మొదలవుతుంది. ఆ ప్లాటు కాగితాలు నా పేరు మీదే ఉన్నాయని ఈయనకు గుర్తుందో లేదో.