నివేదికలకెక్కని బంగ్లా సంసారం

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల మిషను కాంపౌండ్ల చరిత్రను మనం మిషనరీ దొరల పేర్లతో మొదలుపెట్టి, వారు కట్టించిన గుడులు, బడులు, ఆసుపత్రుల లెక్కతో ముగిస్తాము. ఆ దొర వెంట సముద్రం దాటి వచ్చిన భార్య, ఇక్కడే పుట్టిన పిల్లలు ఎట్లా బతికారన్నది సంఘాల వార్షికోత్సవ సంచికల్లో ఫోటో కింద ఒక్క వరుసకు మించి కనిపించదు. మా నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు దేవరకొండ బంగ్లాలో ఆయాగా పనిచేసింది కాబట్టి, ఈ చరిత్ర నాకు ప్రసంగ వేదిక వైపు నుంచి కాక వంటింటి వైపు నుంచి తెలిసింది.

రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో స్థిరపడిన జర్మన్ భాషీయులైన మెన్నోనైట్లు అనే ప్రొటెస్టెంటు క్రైస్తవ శాఖవారి నుంచి అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి పనిచేశారు. అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు 1899లో తమ మిషనరీలను హైదరాబాదుకు పంపాయి. ఆ తరువాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి వంటి చోట్ల బంగ్లాలు లేచాయి. మొదటి ప్రపంచ యుద్ధం, 1917 విప్లవం వచ్చిపడి రష్యా సంఘాల నుంచి వచ్చే డబ్బు ఆగిపోయినప్పుడు, అక్కడి నుంచి వచ్చిన కుటుంబాలకు ఇటు చేతిలో పైసలు లేవు, అటు తిరిగి పోవడానికి ఒకప్పటి ఊరు లేదు.

1899లో వచ్చిన నికొలాయ్ హీబర్టు దంపతులు ఆరోగ్యం చెడి రెండేళ్లు తిరగకముందే వెనుదిరగవలసి వచ్చింది. అయినా తరువాతి కాలంలో ఆయన కొడుకు ఇదే దేశానికి మిషనరీగా వచ్చాడు. 1932లో శంషాబాదులో మనుమడు పాల్ హీబర్టు పుట్టాడు. జబ్బుపడి వెళ్లిపోయిన తండ్రి మిగిల్చిన పనికి కొడుకు మళ్లీ పూనుకోవడం భక్తికి నిదర్శనమని సంఘం చెప్పుకుంటుంది, అది నిజమే కావచ్చు. కానీ ఆ ఇంటి కోడలు ఆ ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ ఏమనుకున్నదో ఎవరూ రాయలేదు.

నాయనమ్మ మాటల్లో అన్నింటికంటే ఎక్కువగా వినిపించింది పిల్లలను కొడైకెనాల్ బడికి పంపే ముచ్చటే. మిషనరీల పిల్లల కోసమే 1901లో ఆ బడి మొదలైంది. ఆరేడేళ్లు నిండిన పిల్లలను సైతం అక్కడి హాస్టలులో ఉంచేవారు. జనవరిలో వెళ్లినవారు అక్టోబరు దాటితే గాని ఇల్లు చేరేవారు కాదు. నడుమ ఎండాకాలంలో తల్లులు, వీలు చిక్కితే తండ్రులు, కొండ మీదికి వెళ్లి కొన్ని వారాలు పిల్లలతో గడిపేవారు. ప్రయాణానికి ముందు ప్రతి చొక్కాకు, ప్రతి మేజోడుకు, దుప్పటి అంచుకు పేరున్న చిన్న గుడ్డముక్క కుట్టాలి. దొరసాని పగలంతా ఇంటింటికీ పోయి వాక్యం చెప్పే బైబిలు స్త్రీల జీతాలు, బోర్డింగు పిల్లల బియ్యం లెక్క చూసుకుని, రాత్రి గ్యాసునూనె దీపం ముందు కూర్చుని ఆ పేర్లు కుట్టేదట, నాయనమ్మ పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేదట. "బండి పోయినంక అమ్మగారు ఏడ్వలేదు బిడ్డా, పిల్లల మంచాల మీది పరుపులు తానే ఎండకేసింది, మమ్ముల ముట్టనియ్యలేదు" అని నాయనమ్మ చెప్పేది. ఆ మరునాడే మహిళల కూటంలో దొరసాని బైబిలు వాక్యం చెప్పింది.

ఆ పిల్లలు వంటింట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, ఆయాల ఒడిలో మన తెలుగులోనే అలిగి పెరిగినవారు. సెలవు మీద అమెరికా పోతే అక్కడ పరాయివాళ్లు, ఇక్కడ తెల్లవాళ్లు. ఆ నష్టంలోంచి కొన్ని మేళ్లు కూడా పుట్టాయని నేను ఒప్పుకుంటాను. పాల్ హీబర్టు కొడైలో చదివి, 1960లలో పాలమూరు ప్రాంతానికే మిషనరీగా తిరిగివచ్చి, ఇక్కడి ఒక పల్లెను శాస్త్రీయంగా అధ్యయనం చేసి పేరున్న మానవశాస్త్రవేత్త అయ్యాడు. ఊళ్లో మశూచి సోకినప్పుడు మైసమ్మకు బలి ఇవ్వడానికి పెద్దలు చందా అడగడం, క్రైస్తవులు ఇచ్చేది లేదనడం, అటువంటి వేళ మిషనరీ దగ్గర సరైన జవాబు లేకపోవడం ఆయన్ని వెంటాడాయి. పడమటి మిషనరీకి పైన దేవుడు, కింద సైన్సు ఉన్నాయి గాని, ఆ రెంటి నడుమ ఊరివాళ్లు అనుదినం మెలగే దయ్యాలు, దిష్టి, శకునాల లోకం కనబడదని 1982లో ఆయన రాశాడు. ఆయాల కథలు వింటూ పెరగని మనిషికి ఆ ఖాళీ కనబడేది కాదని నా నమ్మకం.

పెళ్లి చేసుకోని మిస్సమ్మల సంగతి వేరు. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో మరణించేదాకా ఇక్కడి రోగులనే కనిపెట్టుకుని ఉన్నది. దొర ఇంటికి సంసారం కష్టమైతే, ఆమెకు సంసారమే లేకపోవడం కష్టం.

పాలమూరు వాళ్లకు ఇటువంటి ఎడబాటు కొత్తేమీ కాదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి, ఆనకట్టల పనికి దూరదేశాలు పోయిన కుటుంబాలు మా ఊళ్లో ఇంటికొకటి ఉండేవి. తేడా ఏమంటే, మన లేబరు అప్పు కోసం పోయింది, మిషనరీ దేవుని పిలుపు కోసం వచ్చాడు. పిల్లవాడిని మాత్రం రెండు చోట్లా ఎవరూ అడగలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మా తమ్ముడి బిడ్డ, అల్లుడు వచ్చే ఏడు కెన్యాలో సేవకు పోతున్నారు. ఒకప్పుడు మిషనరీలను దిగుమతి చేసుకున్న ప్రాంతం నుంచి ఇప్పుడు మనవాళ్లే పోవడం నాకు సంతోషమే. పంపే సంఘం కమిటీ కూర్చున్న రోజు నేనూ ఉన్నాను. అల్లుడి నెల జీతం, విమాన టికెట్లు, వీసా గురించి రెండు గంటలు మాట్లాడారు. వాళ్ల ఏడేళ్ల కొడుకు చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు. చివరికి ఒక పెద్దాయన, మిషనరీల పిల్లల కోసం కెన్యాలోని కిజాబేలో 1906 నుంచి హాస్టలు బడి నడుస్తోందట, అందులో వేద్దామన్నాడు. ఇంకొకాయన, హైదరాబాదులో పిల్లవాడి నాయనమ్మ దగ్గర ఉంచితే ఖర్చు తగ్గుతుందన్నాడు. ఆ రాత్రి మా బిడ్డ ఫోను చేసి "ఏం చేయమంటవు పెద్దనాయనా" అని అడిగింది.

పిల్లవాడిని వెంటే ఉంచుకొమ్మన్నాను. వాళ్లు ఉండబోయే ఊళ్లోనే ఉన్న బడి ఎంత చిన్నదైనా సరే, అక్కడి పిల్లలతో స్వాహిలీ నేర్చుకుంటాడు, సాయంత్రానికి ఇంటికొస్తాడు అన్నాను. ఫీజు సొమ్ము కమిటీ బడ్జెటులో విడిగా రాయించమని కూడా చెప్పాను, ఎందుకంటే జీతంలోంచి తీసుకోండి అంటే అది ఎప్పటికీ మిగలదు. కమిటీ మళ్లీ వచ్చే ఆదివారం ఆరాధన అయినంక కూర్చుంటుంది. ఆ వరుస బడ్జెటులో చేరేదాకా నేను లేచిరాను.