రోజుకు రెండున్నర వేలు

గుంటూరులో మా అమ్మ ఇల్లు నడిపిన తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. నాన్న జీతం రాగానే పాలకు, బియ్యానికి, మా ఫీజులకు వేరువేరు కవర్లు కట్టేది. ఎంత ఇబ్బంది వచ్చినా ఫీజుల కవరులోంచి కూరలకు తీసేది కాదు. అది చూస్తూ పెరిగి కూడా, నేనూ మా చెల్లీ 2024లో థాయిలాండ్, కంబోడియా, వియత్నాం కలిపి పదిహేడు రోజుల ప్రయాణానికి లెక్క వేసుకున్నప్పుడు ఆ కవర్లు నాకు గుర్తు రాలేదు. విమానం టికెట్లు, వీసాలు, బీమా పక్కన పెట్టి, మనిషికి రోజుకు 2,500 రూపాయల చొప్పున 42,500 అని ఒకే అంకె వేసి ఊరుకున్నాను.

తేదీలు మాత్రం జాగ్రత్తగా చూసుకున్నాం. ముందు ఫిబ్రవరి మొదటి వారంలో వెళ్దామనుకున్నాం. కానీ వియత్నాం వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ ఆ ఏడాది ఫిబ్రవరి 10న వచ్చింది. మన సంక్రాంతికి బెజవాడ బస్టాండు ఎలా ఉంటుందో ఆ రోజుల్లో అక్కడి రైళ్ళు అలా ఉంటాయి. చిన్న హోటళ్ళు మూసేస్తారు, గదుల అద్దెలు పెరుగుతాయి. అందుకని 22న హైదరాబాద్‌లో బయలుదేరి బ్యాంకాక్‌లో దిగాం. అప్పటికి మనవాళ్ళకు థాయిలాండ్‌లో వీసా అక్కర్లేదు, కాబట్టి ఆ ఖర్చు తప్పింది.

బ్యాంకాక్‌లో నాలుగు రోజులు. ఇద్దరికీ కలిపి గది 900 బాట్లు. చావో ప్రయా నది మీద నారింజ జెండా పడవకు టికెట్ 16 బాట్లే, ఎంత దూరమైనా అంతే. గది, తిండి, తిరుగుడు కలిపి మనిషికి రోజుకు 850 బాట్లు, అంటే రెండు వేల రూపాయలు దాటలేదు. "అక్కా, ఈ రోజు ఐదొందలు మిగిలాయే!" అని చెల్లి రాత్రి పద్దు రాస్తూ సంబరపడేది. మర్నాడు గ్రాండ్ ప్యాలెస్‌కు 500 బాట్లు, పడుకున్న బుద్ధుడున్న వాట్ ఫోకు 300 బాట్లు కట్టేసరికి ఆ మిగులూ పోయింది, ఇంకా పైన పడింది. మిగిలిన రోజు ధైర్యంగా తిని, మించిన రోజు ముడుచుకుని కూర్చోవడం నాకు అప్పుడే నచ్చలేదు.

ఏటీఎం సంగతి కూడా అక్కడే తెలిసింది. బయటి దేశపు కార్డుతో తీస్తే అప్పట్లో ప్రతిసారీ 220 బాట్లు కోసుకునేవారు. దగ్గర ఎక్కువ నగదు ఉంచుకోవడం భయమని రెండు వేల చొప్పున రెండుసార్లు తీశాం. నూటికి పదకొండు బాట్లు గాల్లో కలిసినట్టు. పదివేలు ఒకేసారి తీస్తే నూటికి రెండు చిల్లరే పడేది. పైగా యంత్రం "మీ రూపాయల్లోనే లెక్క కట్టమంటారా?" అని అడిగితే వద్దనాలి. ఒప్పుకుంటే వాళ్ళు వేసే మారకం ధర మనకు నష్టం.

26న తెల్లవారుజామున హువా లంఫాంగ్ స్టేషన్‌లో మూడో తరగతి రైలెక్కాం. కంబోడియా సరిహద్దు దాకా టికెట్ 49 బాట్లు, నూట పదిహేను రూపాయల్లోపే. ఫ్యాన్లు, తెరిచిన కిటికీలు, వరి పొలాలు, బుట్టల్లో తినుబండారాలు అమ్మేవాళ్ళు... తెనాలి ప్యాసింజర్‌లో కూర్చున్నట్టే ఉంది. కంబోడియా ఈ-వీసా ఇంటి దగ్గరే తీసుకున్నాం కాబట్టి, "వీసా ఇప్పిస్తాం రండి" అని వెంటపడ్డ దళారులను దాటుకుని నడిచి వెళ్ళిపోయాం. (2025లో రెండు దేశాల మధ్య ఘర్షణ మొదలయ్యాక ఆ భూమార్గం మూసేశారు. ఇప్పుడు వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు ఆ సంగతి కనుక్కోవాలి.)

మా లెక్క తప్పిందని పూర్తిగా అర్థమైంది సియం రీప్‌లో. అంకోర్ ఆలయాలు చూడడానికి ఒక్క రోజు పాస్ 37 డాలర్లు, మూడు రోజులది 62, ఏడు రోజులది 72. అప్పుడు డాలరు 83 రూపాయలు. టికెట్ కౌంటర్ దగ్గర చెల్లి నా చెయ్యి పట్టుకుని, "ఒక్క రోజుది చాల్లే అక్కా, రోజు లెక్క దాటిపోతుంది" అంది. అసలు ఈ ప్రయాణం పెట్టుకున్నదే అంకోర్ కోసం. రోజుకు ఇంత అని నేనే వేసిన అంకె ఇప్పుడు దాన్నే కుదించమంటోంది. నాకు చాలా బాధనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ ఫీజుల కవరు.

మూడు రోజుల పాసే కొన్నాం. మొదటి రోజుకు 37 పోతే, తర్వాతి రెండు రోజులకు కలిపి పడేది 25 డాలర్లే. వరసగా వెళ్ళక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా సరే. సాయంత్రం ఐదు దాటాక కొంటే లెక్క మర్నాటి నుంచి, ఆ సాయంత్రం సూర్యాస్తమయానికి వెళ్ళడం అదనం. మేం అలాగే కొన్నాం.

రెండో రోజు పొద్దున్న అంకోర్ వాట్ తూర్పు వసారాలో రెండు గంటలు కూర్చున్నాం. దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం. ఒక వైపు అసురులు, ఒక వైపు దేవతలు వాసుకిని పట్టి లాగుతున్నారు. నడుమ విష్ణువు, కింద కూర్మం, పైన ఎగిరే అప్సరసలు. తోక చివర పట్టుకున్నది హనుమంతుడంటారు. పడమటి వసారాలో కురుక్షేత్రం, అంపశయ్య మీద భీష్ముడు. సూర్యవర్మ మహారాజు పన్నెండో శతాబ్దంలో కట్టించిన ఆ గోడ ముందు చెల్లి మా నాయనమ్మ చెప్పిన కథంతా మళ్ళీ చెప్పుకుంటూ నడిచింది. ఒక్క రోజు పాస్ అయితే టుక్‌టుక్ దిగి, ఫొటో తీసుకుని, ఎక్కడమే అయ్యేది.

ఆ రాత్రి గెస్ట్‌హౌస్ వరండాలో పద్దు మళ్ళీ మొదటి నుంచీ రాశాం. ప్రవేశ టికెట్లు, ఊరి నుంచి ఊరికి ప్రయాణాలు మొత్తం ప్రయాణానికి ఒక కవరు. పడక, తిండి, వీధుల్లో తిరుగుడు మాత్రమే రోజు లెక్క. అలా విడదీస్తే బ్యాంకాక్ రోజు 2,000, సియం రీప్ రోజు 2,100 తేలాయి. మూడు దేశాలకూ ఒకే అంకె ఎప్పటికీ సరిపోదు, వియత్నాంకు ఇంకా తగ్గించవచ్చనిపించింది.

కంబోడియాలో డాలరే సగం చలామణి. డాలర్లు ఇస్తే చిల్లర రియెల్‌లలో వస్తుంది, డాలరుకు దాదాపు నాలుగు వేలు. ఇక్కడ కొనుక్కెళ్ళిన 20 డాలర్ల నోటు ఒకదానికి అంచున గోరంత చిరుగుంది. ఎవరూ తీసుకోలేదు. ఆ నోటు తిరిగి ఇంటికే వచ్చింది. కరెన్సీ కొనేటప్పుడు ప్రతి నోటూ వెలుతురులో చూసుకుని మరీ తీసుకోండి.

నాం పెన్ మీదుగా బస్సులో సైగాన్ చేరాం. వియత్నాం ఈ-వీసా 25 డాలర్లు. డాంగ్‌ను రూపాయల్లోకి మార్చడానికి చెల్లి ఒక చిట్కా కనిపెట్టింది: మూడు సున్నాలు కొట్టేసి మూడున్నరతో హెచ్చవెయ్యడం. జాగ్రత్త పడాల్సింది రంగు దగ్గర. 20,000 నోటూ, 5,00,000 నోటూ రెండూ నీలమే. నేను చీకట్లో కొబ్బరి బొండాలకు పెద్ద నోటు ఇచ్చేశాను. అమ్మే ఆవిడ పిలిచి మరీ తిరిగిచ్చింది. ఆ తర్వాత పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకున్నాం.

శాకాహారులకు అక్కడ 'చాయ్' అన్న బోర్డు దొరికితే చాలు, వాళ్ళ భాషలో శాకాహారమని అర్థం, మన టీ కాదు. వాళ్ళ చాంద్రమాసంలో ఒకటో రోజూ పదిహేనో రోజూ చాలామంది అక్కడ మాంసం మానేస్తారు, కాబట్టి అలాంటి హోటళ్ళు వీధివీధినా ఉంటాయి. అన్నం, టోఫు, ఆకుకూరలు కలిపి పళ్ళెం 35,000 డాంగ్‌లు, నూట ఇరవై రూపాయలు. డా నాంగ్‌కు రాత్రి రైలు పట్టుకున్నాం, పదిహేడు గంటలు. టికెట్ కవరులోంచి మూడు వేలు పోయినా ఒక రాత్రి గది అద్దె మిగిలింది. వియత్నాంలో రోజు లెక్క 1,650 దాటలేదు.

మార్చి 8న శివరాత్రి. కావాలనే ఆ రోజు డా నాంగ్ దగ్గరున్న 'మీ సన్' అనే పాత గుళ్ళకు వెళ్ళాం. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజులు శివుడికి కట్టించిన ఎర్ర ఇటుక గుళ్ళు, చుట్టూ కొండలు. 1969 బాంబు దాడుల్లో చాలా వరకు కూలిపోయాయి. మన పురావస్తు శాఖవాళ్ళు అక్కడ మరమ్మతులు చేస్తూ 2020లో ఏకశిలా శివలింగం ఒకటి బయటపెట్టారు. ఆ గుడి మెట్ల మీద ఇద్దరం చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం.

మర్నాడు డా నాంగ్‌లో విమానం ఎక్కి, కౌలాలంపూర్‌లో ఇంకో విమానం కోసం ఆగినప్పుడు మొత్తం కూడితే మనిషికి 45,900 వచ్చింది. అనుకున్నదాని కన్నా 3,400 ఎక్కువ. చెల్లి పుస్తకంలో 8వ తేదీ పేజీ చూపించింది. టికెట్ల కవరు కింద మీ సన్ 1,50,000 డాంగ్‌లు. తిండి కింద రెండు కొబ్బరి బొండాలు, ఒక అరటిపళ్ళ అత్తం. పక్కన 'ఉపవాసం' అని రాసుంది.