ఈమ్ ఊరి వంశవృక్షం: రెండు కాలమ్‌ల తేదీలు

ఈ నెల పనంతా తేదీల దగ్గరే సరిపోయింది. ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ కొండల్లో ఉన్న ఈమ్ ఊరి చర్చి రిజిస్టర్ నుంచి 1665–66 ప్లేగు కాలంలో పూడ్చినవాళ్ల పేర్లు స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కిస్తున్నాను.

1752కి ముందు అక్కడ సంవత్సరం మార్చి 25న మారేది, మనకు ఉగాదికి మారినట్టు. కాబట్టి ఆనాటి లెక్కలో 1665 ఫిబ్రవరి అంటే ఇప్పటి లెక్కలో 1666 ఫిబ్రవరి. ఊళ్లో ప్లేగుకు మొదట పోయిన దర్జీ జార్జ్ వికార్స్‌ను పూడ్చింది 1665 సెప్టెంబరు 7న. షీట్‌ను తేదీల వారీగా సార్ట్ చేస్తే ఆ ఫిబ్రవరిలో పోయినవాళ్లంతా అతని కంటే ముందుకొచ్చి కూర్చుంటారు! అందుకే రెండు కాలమ్‌లు పెట్టాను. రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు ఒకదాంట్లో, 1665/66 అని రెండోదాంట్లో. మొదటిదాన్ని ముట్టుకోను, సార్ట్ చేసేది రెండోదాన్నే.

సమాధుల కాలమ్ ఇంకో తలనొప్పి. 1666 ఆగస్టులో ఎలిజబెత్ హ్యాంకాక్ ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పూడ్చుకుంది. ఆ సమాధులు ఊరి బయట పొలంలో, గుండ్రటి రాతి గోడ లోపల ఉన్నాయి. ప్లేగు ముదిరాక ఎవరి మనుషుల్ని వాళ్లే ఇంటి దగ్గరో పొలంలోనో పూడ్చుకున్నారు. చర్చి ఆవరణలో రాయి లేదు కదా అని ఎవరి పేరూ కొట్టేయకూడదు. అదే ఆగస్టులో పోయిన చర్చి రెక్టర్ భార్య క్యాథరిన్ మాంపెసన్ సమాధి మాత్రం ఆవరణలోనే ఉంది.

1813 నుంచి పని తేలిక. బాప్తిస్మాలకు అచ్చు ఫారాలు వచ్చాయి, తండ్రి వృత్తికీ గడి ఉంది. సీసం గనులున్న ఊరు కాబట్టి ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి ఆ గడే ఆధారం. 1841 జనాభా లెక్కల్లో వయసులతో మాత్రం జాగ్రత్త: 15 దాటినవాళ్ల వయసును కిందికి, ఐదు గుణిజానికి దించి రాయమన్నారు. 39 ఏళ్లవాడు 35 అయిపోతాడు. పుట్టిన ఊరు తెలియాలంటే 1851 లెక్కలే చూడాలి.

ఇక బిషప్‌కు ఏటా పంపిన రిజిస్టర్ నకళ్లు. డెర్బీషైర్ అప్పట్లో లిచ్‌ఫీల్డ్ బిషప్ కింద ఉండేది, కాబట్టి వెతకాల్సింది ఆ రికార్డుల్లో. రిజిస్టర్‌కూ నకలుకూ తేడా వస్తే రాసుకోవడానికి మూడో కాలమ్ ఇప్పుడే ఖాళీగా ఉంచాను.