ఆమా ఇంట్లో టాంగ్‌యువాన్

22 డిసెంబరు 2023, శుక్రవారం
షిన్‌చూ, తైవాన్

పొద్దున్నుంచీ ఒకటే గాలి. గాలుల ఊరని దీనికి ఊరికే పేరు రాలేదు. ఇవాళ ఇక్కడివాళ్ళకి డోంగ్‌జి, ఏడాది మొత్తంలో పగలు బాగా తక్కువగా ఉండే రోజు. పండగే గానీ సెలవు లేదు. మామూలుగానే ఆఫీసుకెళ్ళి ఆరున్నరకి ఇల్లు చేరాను.

మెట్ల దగ్గరే ఎదురింటి ఆమా కనిపించింది. తైవానీ భాషలో అమ్మమ్మనైనా నాయనమ్మనైనా ఆమా అంటారు. ఆ పిలుపు నోట్లోకి రాగానే నాకు అమ్మే గుర్తొస్తుంది. "చియా పా బ్వే?" అంది. తిన్నావా అని. మన ఊళ్ళో అరుగు మీద కూర్చున్నవాళ్ళు దారిన పోయేవాళ్ళని అడిగినట్టే. లేదన్నాను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

మొదటి గిన్నె మాకు కాదు. పూజాపీఠం మీద పెద్దలకి పెట్టి, అగరుబత్తి వెలిగించి, పోయిన తాతగారి ఫోటో వైపు చూస్తూ ఏదో చెప్పుకుంది. సంక్రాంతికి పెద్దలకి పెట్టేటప్పుడు మా నాన్న ముఖం ఇలాగే ఉంటుంది.

తర్వాత అన్నం, టోఫు, ఆకుకూర. ఇక్కడ గిన్నె ఎడంచేత్తో ఎత్తి నోటి దగ్గరికి తెచ్చుకోవాలి. బల్ల మీదే ఉంచి వంగి తింటే మర్యాద కాదు. అది నాకు అలవాటైంది. కానీ ఫోన్ మోగితే తీయబోయి, చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చేశాను. ఆమా ఏమీ అనలేదు. మెల్లగా వాటిని తీసి గిన్నె పక్కన పడుకోబెట్టింది. అప్పుడు చూశాను, పీఠం మీద బూడిదలో గుచ్చిన అగరుబత్తులు అచ్చం అలాగే ఉన్నాయి. అన్నంలో అలా గుచ్చేది చనిపోయినవాళ్ళకి పెట్టేటప్పుడే. తాతగారి ఫోటో ముందే ఆ పని చేశానే అని ప్రాణం ఉసూరుమంది. చేతులు జోడించాను. ఆవిడ నవ్వి, నా గిన్నెలో ఇంకాస్త కూర వేసింది.

చివర్లో టాంగ్‌యువాన్. జిగురు బియ్యప్పిండితో చిన్న చిన్న ఉండలు, కొన్ని ఎర్రవి, కొన్ని తెల్లవి. అల్లం, బెల్లం వేసి కాచిన నీళ్ళలో తేలుతున్నాయి. బజార్లో దొరికే నువ్వుల టాంగ్‌యువాన్‌లో పందికొవ్వు కలుపుతారని, నాకోసం లోపల ఏమీ పెట్టకుండా తనే చుట్టింది. మన ఉండ్రాళ్ళ కంటే మెత్తగా, పళ్ళకి అంటుకుంటూ, గొంతులో వెచ్చగా దిగాయి. ఇవి తింటే వయసు ఒక ఏడాది పెరిగినట్టే లెక్కట. పేరు కూడా 'తువాన్‌యువాన్' అనే మాటకి దగ్గరగా వినిపిస్తుంది. అంటే ఇంటిల్లిపాదీ ఒకచోట చేరడం. ఆమా కొడుకు కౌషియుంగ్‌లో ఉంటాడు, సెలవు లేక రాలేదు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

వచ్చేటప్పుడు మిగిలినవి డబ్బాలో పెట్టి రెండు చేతులతో ఇచ్చింది. నేనూ రెండు చేతులతో అందుకున్నాను. ఆ డబ్బా ఖాళీగా తిరిగివ్వడానికి మనసొప్పదు. రేపు శనివారం, పులిహోర కలుపుతాను. చింతపండు తీసి పెట్టాను.