ఎన్‌వీడీఏ మాట ఆగిపోతే ఫార్మాట్ దాకా పోనక్కర్లేదు

చూపు లేనివాళ్లకు తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్, అంటే స్క్రీన్ రీడర్, ఎన్‌వీడీఏ. అది ఉన్న కంప్యూటర్ ఉన్నట్టుండి మాట్లాడటం మానేసిందని తిరుపతిలోనో చిత్తూరులోనో సర్వీస్ షాపుకు తీసుకెళ్తే ఎక్కువగా వినబడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతాదిలేన్నా." షాపు అబ్బాయికి స్క్రీన్ మీద అన్నీ బాగానే కనబడుతుంటాయి, స్క్రీన్ రీడర్ పని చేసే తీరు అతనికి ఎవరూ నేర్పలేదు. కానీ ఫార్మాట్‌తో మన సెట్టింగులు, యాడ్-ఆన్‌లు (ఎన్‌వీడీఏకు చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు), తెలుగు కీబోర్డు అన్నీ పోతాయి. అసలు లోపం సౌండ్ డ్రైవర్‌లో ఉంటే నాలుగు రోజుల్లో మళ్లీ వస్తుంది కూడా. చూపు లేనివాళ్ల కంప్యూటర్‌ను ఇలా తేలిగ్గా తుడిచేయకూడదు. మాట పోవడానికి చాలాసార్లు ఒకటి రెండు కీలతో తీరిపోయే కారణమే ఉంటుంది.

మాట మన చెవికి చేరాలంటే నాలుగు పనులు వరసగా జరగాలి. అప్లికేషన్ తనలో ఏముందో చెప్పాలి, ఎన్‌వీడీఏ దాన్ని అందుకోవాలి, సింథసైజర్ దాన్ని మాటగా మార్చాలి, సౌండ్ డివైస్ ఆ మాటను స్పీకరుకు పంపాలి. ఎక్కడ తెగిందో తేలితే సగం రిపేరు అయిపోయినట్టే.

మొదటి పరీక్ష నేరేటర్, అంటే విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్. విండోస్+కంట్రోల్+ఎంటర్ నొక్కండి. నేరేటర్ పలికితే సౌండ్ బాగానే ఉంది, లోపం ఎన్‌వీడీఏ వైపు ఉంది. అదీ పలకకపోతే సౌండ్ సంగతి చూడాలి. పరీక్ష కాగానే అవే కీలతో నేరేటర్‌ను ఆపేయండి, లేకుంటే రెండు గొంతులు కలిసి ఏదీ అర్థం కాదు.

నేరేటర్ పలికిందనుకుందాం. కంట్రోల్+ఆల్ట్+ఎన్ నొక్కి కొంచెం ఆగండి. పాత ఎన్‌వీడీఏ బిగుసుకుపోయి ఉన్నా, దాన్ని ఆపి కొత్తది మొదలవుతుంది. ఈ షార్ట్‌కట్ డెస్క్‌టాప్ ఐకాన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి ఒక్కోసారి స్పందించకపోవచ్చు. అప్పుడు విండోస్+ఆర్ నొక్కి ఎన్, వి, డి, ఏ అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఎన్‌వీడీఏ మొదలయ్యేటప్పుడు చిన్న రాగం వినిపిస్తుంది. రాగం వచ్చి మాట రాలేదంటే తప్పు సింథసైజర్‌ది. ఎన్‌వీడీఏ+కంట్రోల్+ఎస్ నొక్కి, ఇంగ్లిష్‌లో 'ఈ' అనే అక్షరం కొట్టి, ఎంటర్ నొక్కితే ఈస్పీక్ అనే సింథసైజర్‌కు మారుతుంది. ఈస్పీక్ ఎన్‌వీడీఏతో పాటే వస్తుంది, బయటి నుంచి ఇంకేమీ అక్కర్లేదు. గొంతు మరమనిషిలా ఉంటుందని చాలామంది పక్కన పెడతారు గానీ ఆపదలో ఆదుకునేది అదే.

ఇక్కడ ఎన్‌వీడీఏ కీ అంటే ఇన్సర్ట్, లేదా మీరు పెట్టుకుని ఉంటే క్యాప్స్ లాక్.

అన్నిటికన్నా తరచుగా జరిగేది ఎన్‌వీడీఏ+ఎస్ పొరపాటున పడటం. అది స్పీచ్ మోడ్ మారుస్తుంది: మాట్లాడటం, పూర్తిగా ఆపేయడం, బీప్‌లు మాత్రమే, అడిగితేనే పలకడం. చివరిది 2024.1 వెర్షన్‌తో వచ్చింది, అందుకే పాత అలవాటున్నవాళ్లు కంగారు పడతారు. యారో కీలకు ఏమీ పలకదు, ఎన్‌వీడీఏ+టి నొక్కితే మాత్రం విండో టైటిల్ చెప్తుంది. అలా ఉంటే 'అడిగితేనే' మోడ్‌లో ఉన్నట్టు. మాట మామూలుగా వచ్చేదాకా ఎన్‌వీడీఏ+ఎస్ ఒక్కోసారి నొక్కుతూ, ప్రతిసారీ ఒక క్షణం ఆగి వినండి. గబగబా నొక్కితే కావాల్సిన మోడ్ దాటిపోతుంది.

ఒక్క అప్లికేషన్‌లోనే మౌనం, మిగతా చోట్ల మామూలుగా ఉంటే అది స్లీప్ మోడ్ కావచ్చు, అంటే ఆ అప్లికేషన్‌లో ఎన్‌వీడీఏ కలగజేసుకోకుండా ఊరుకోవడం. ఆ అప్లికేషన్‌లో ఉండగానే ఎన్‌వీడీఏ+షిఫ్ట్+ఎస్ నొక్కండి. ఎన్‌వీడీఏలో ల్యాప్‌టాప్ కీబోర్డు లేఅవుట్ పెట్టుకుని ఉంటే ఎస్ బదులు జెడ్. టాస్క్ మేనేజర్ లాంటివాటిలో, "అనుమతిస్తారా" అని విండోస్ అడిగే చోట మౌనంగా ఉంటే, మీరు వాడుతున్నది ఇన్‌స్టాల్ చేయకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిచే పోర్టబుల్ కాపీయేమో చూసుకోండి. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిచే విండోలను పోర్టబుల్ కాపీ చదవలేదు, సైన్-ఇన్ స్క్రీన్ మీద కూడా పలకదు. కాలేజీ, యూనివర్సిటీ ల్యాబుల్లో పోర్టబుల్ కాపీతో పని చేసే పిల్లలకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. ల్యాబ్ సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేయించమని అడగడానికి ఇదే గట్టి కారణం. సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి ఖర్చు మాటే రాదు.

ఇంట్లో చూపున్నవాళ్లు ఉంటే వాళ్ల సాయం ఇలా వాడుకోండి. ఎన్‌వీడీఏ+ఎన్, తర్వాత టి, తర్వాత ఎస్ నొక్కితే స్పీచ్ వ్యూయర్ అనే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఎన్‌వీడీఏ పలకాలనుకున్న ప్రతి మాటా అందులో అక్షరాలుగా పడుతుంది. "అమ్మా, యారో కీ నొక్కుతుంటే అక్షరాలు వస్తున్నాయా చూడు" అని అడిగితే చాలు. వస్తుంటే ఎన్‌వీడీఏ తన పని తాను చేస్తోంది, మాట బయటికి వచ్చే దారిలో అడ్డు ఉంది. షాపు అబ్బాయికి కూడా ఇది చూపిస్తే ఫార్మాట్ ఆలోచన మానుకుంటాడు.

ఇక సౌండ్. నేరేటర్ కూడా పలకనప్పుడు మొదట అనుమానించాల్సింది హెచ్‌డీఎమ్ఐ కేబుల్‌ను. మానిటరో టీవీయో తగిలించగానే విండోస్ శబ్దాన్ని అటు మళ్లిస్తుంది, ఆ మానిటర్‌కు స్పీకర్లే ఉండకపోవచ్చు. కేబుల్ తీసి చూడండి. విండోస్ 11లో విండోస్+కంట్రోల్+వి నొక్కితే సౌండ్ ఎటు పోవాలో ఎంచుకునే జాబితా వస్తుంది. మిగతా శబ్దాలు వస్తూ ఎన్‌వీడీఏ ఒక్కటే మౌనంగా ఉంటే దాని ఆడియో సెట్టింగుల్లో, అంటే ఎన్‌వీడీఏ+కంట్రోల్+యు లో, ఔట్‌పుట్ డివైస్‌గా పాత హెడ్‌సెట్ పేరు మిగిలి ఉందేమో చూడండి.

బ్లూటూత్ హెడ్‌సెట్‌తో ప్రతి వాక్యంలో మొదటి అక్షరాలు మింగేస్తుంటే కారణం వేరు. శబ్దం లేని క్షణంలో హెడ్‌సెట్ నిద్రపోతుంది, లేచేలోపు సగం మాట అయిపోతుంది. అదే ఆడియో సెట్టింగుల్లో, మాట ఆగాక డివైస్‌ను ఎంతసేపు మేల్కొలిపి ఉంచాలో సెకన్లలో పెట్టుకోవచ్చు. అది సున్నాగా ఉంటే పెంచండి. మీటింగ్‌లో మైక్ తెరవగానే గొంతు పాత ఫోనులో మాట్లాడినట్టు పలచబడితే, హెడ్‌సెట్ హ్యాండ్స్-ఫ్రీ పద్ధతికి మారిందని. అది బ్లూటూత్ పరిమితి, ఎన్‌వీడీఏలో వెతికి లాభం లేదు. మీటింగులకు వైరున్న హెడ్‌సెట్టే మేలు.

విండోస్ అప్‌డేట్ తర్వాత శబ్దం మొత్తం పోతే ముందు రీస్టార్ట్ చేయండి: విండోస్+ఎక్స్, యు, ఆర్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, తిరిగి అదే తెచ్చుకుంటుంది. ఇరుక్కున్న డ్రైవర్ ఇరుక్కున్నట్టే వస్తుంది. రీస్టార్ట్‌లోనే అంతా కొత్తగా మొదలవుతుంది. అయినా రాకపోతే యూఎస్‌బీ హెడ్‌సెట్ ఒకటి తగిలించండి. దాని సౌండ్ చిప్ దానిలోనే ఉంటుంది, విండోస్‌లో ముందే ఉన్న డ్రైవర్‌తో పలుకుతుంది. ఆ శబ్దంతో విండోస్+ఎక్స్, ఎమ్ నొక్కి డివైస్ మేనేజర్ తెరిచి, సౌండ్ డివైస్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కు వెళ్లి, రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కవచ్చు. ఎవరి సాయమూ లేకుండా చేసుకోగల పని ఇది. కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ హెడ్‌సెట్ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలని గట్టిగా చెప్తాను.

ఎన్‌వీడీఏ అప్‌డేట్ తర్వాత తేడా వస్తే చూపు యాడ్-ఆన్‌ల మీద పెట్టాలి. ప్రతి ఏడాది పాయింట్ వన్ వెర్షన్‌లో, అంటే 2024.1, 2025.1 లాంటివాటిలో, పాత యాడ్-ఆన్‌లు పొసగకుండా పోతాయి. ఎన్‌వీడీఏ+క్యూ నొక్కి, వచ్చిన జాబితాలో యాడ్-ఆన్‌లు లేకుండా రీస్టార్ట్ చేసేది ఎంచుకోండి. తేడా పోతే వాటిలోనే ఏదో ఒకటి కారణం. యాడ్-ఆన్ స్టోర్‌లో సగం ఆపి, సగం ఉంచి చూస్తే త్వరగా దొరుకుతుంది.

సెట్టింగులు ఎక్కడో చెడిపోయి ఏం మార్చామో గుర్తులేనప్పుడు ఎన్‌వీడీఏ+కంట్రోల్+ఆర్ ఒక్కసారి నొక్కితే చివరిసారి సేవ్ చేసిన స్థితికి వెళ్తుంది. మూడుసార్లు గబగబా నొక్కితే ఫ్యాక్టరీ సెట్టింగులు వస్తాయి. మామూలుగా ఎన్‌వీడీఏ ముగిసేటప్పుడు సెట్టింగులను తనంతట తానే సేవ్ చేసుకుంటుంది కాబట్టి, ఫ్యాక్టరీ సెట్టింగులతో అలాగే మూసేస్తే పాతవి పోయినట్టే. జనరల్ సెట్టింగుల్లో ఆ టిక్ తీసేసి, నచ్చిన అమరిక కుదిరినప్పుడు ఎన్‌వీడీఏ+కంట్రోల్+సి తో మీరే సేవ్ చేసుకోవడం మంచి పద్ధతి. బ్రౌజర్లోనో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనో ఎక్కడికి వెళ్లినా "అన్‌నోన్", "పేన్" అనే పలుకుతుంటే టూల్స్ మెనూలోని కామ్ రిజిస్ట్రేషన్ ఫిక్సింగ్ టూల్ నడిపి రీస్టార్ట్ చేయండి. ఏదో ప్రోగ్రామ్ తీసేసినప్పుడు చెదిరిన రిజిస్ట్రీ నమోదులను అది సరిచేస్తుంది.

వెబ్ పేజీలో కొత్తగా వచ్చింది చదవకపోతే ఎన్‌వీడీఏ+ఎఫ్5 నొక్కండి. అది ఎన్‌వీడీఏ దగ్గరున్న పేజీ నకలును మాత్రమే కొత్తది చేస్తుంది. ఉత్త ఎఫ్5 అయితే పేజీనే మళ్లీ తెప్పిస్తుంది. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు వివరాలన్నీ నింపాక ఈ తేడా మరిచిపోతే మొత్తం పోతుంది.

తెలుగు దగ్గరికొస్తే చిక్కులు ఎక్కువ. గొంతు ఇంగ్లిష్‌ది అయితే తెలుగు అక్షరాలను చాలా గొంతులు చప్పుడు లేకుండా దాటేస్తాయి. మెయిల్ ఖాళీగా ఉందనుకుంటాం, నిజానికి నిండా ఉంటుంది. భాషను బట్టి గొంతు దానంతట అదే మారే ఏర్పాటు ఎన్‌వీడీఏలో ఉంది, కానీ పేజీ తయారు చేసినవాళ్లు 'ఇది తెలుగు' అని లోపల గుర్తు పెడితేనే అది పని చేస్తుంది. చాలా పేజీల్లో ఆ గుర్తు ఉండదు. కుదిరిన ఉపాయం ప్రొఫైల్, అంటే విడిగా దాచుకుని కావాల్సినప్పుడు ఆన్ చేసుకునే సెట్టింగుల కట్ట. ఎన్‌వీడీఏ+కంట్రోల్+పి నొక్కి, చేత్తో ఆన్ చేసుకునే కొత్త ప్రొఫైల్ సృష్టించి, అది ఆన్‌లో ఉండగా ఈస్పీక్, దానిలో తెలుగు గొంతు ఎంచుకోండి. ఆ గొంతు మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలనూ పలుకుతుంది. షార్ట్‌కట్‌లు మార్చుకునే ఇన్‌పుట్ జెశ్చర్స్‌లో ఆ ప్రొఫైల్‌కు ఒక షార్ట్‌కట్ పెట్టుకుంటే ఒక్క నొక్కుతో తెలుగుకు, మళ్లీ ఒక్క నొక్కుతో వెనక్కు. ప్రొఫైల్ ఆన్‌లో ఉన్నప్పుడు మార్చిన వేగం, గొంతు అన్నీ అందులోకే చేరతాయని గుర్తుంచుకోండి.

గొంతు తెలుగుదే అయినా అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వినిపిస్తే ఫైలు అను ఫాంట్లలో టైప్ చేసింది. యూనివర్సిటీల చుట్టుపక్కల డీటీపీ సెంటర్లలో తయారయ్యే ప్రశ్నపత్రాలు, నోట్సు, కరపత్రాలు చాలావరకు అలాగే ఉంటాయి. కంటికి తెలుగే గానీ ఫైలులో దాచింది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు, ఆకారం మాత్రమే ఫాంటుది. తేల్చుకోవడానికి నంబర్ ప్యాడ్‌లో 2 మూడుసార్లు గబగబా నొక్కండి, ల్యాప్‌టాప్ లేఅవుట్‌లో ఎన్‌వీడీఏ+చుక్క. ఆ అక్షరం సంఖ్య చెప్తుంది. యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) తెలుగైతే 3072 నుంచి 3199 మధ్య ఉంటుంది, 'అ' 3077, 'క' 3093. 255 లోపు సంఖ్యలు వస్తుంటే ఏ స్క్రీన్ రీడరూ దాన్ని చదవలేదు, సెట్టింగులు మార్చి సమయం వృథా చేసుకోవద్దు. డీటీపీ సెంటర్‌ను యూనికోడ్‌లోకి మార్చిన వర్డ్ ఫైలు అడగండి. నిర్మల యూఐ లాంటి యూనికోడ్ ఫాంట్లు విండోస్‌కు ఉన్నవే. పీడీఎఫ్ మాత్రమే వద్దనండి, యూనికోడ్ పీడీఎఫ్‌లో కూడా ఒత్తులు, గుణింతాలు చెదిరి చదివే ప్రమాదం ఉంది.

పీడీఎఫ్ తెరిస్తే ఏ అక్షరమూ చదవకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ఎన్‌వీడీఏ+ఆర్ తో వచ్చే విండోస్ ఓసీఆర్‌లో (బొమ్మలోని అక్షరాలను గుర్తించేది) తెలుగు లేదు కాబట్టి అక్కడ ఆగిపోవద్దు. ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. అచ్చు శుభ్రంగా ఉంటే తప్పులు తక్కువ, చేతిరాతను నమ్ముకోవద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా తేలకపోతే తెలిసినవాళ్లను అడిగేటప్పుడు లాగ్ ఫైలు, అంటే ఎన్‌వీడీఏ తన పనులను రాసి పెట్టుకునే ఫైలు, పంపండి. ఎన్‌వీడీఏ+ఎఫ్1 నొక్కితే లాగ్ తెరుచుకుంటుంది. ఎన్‌వీడీఏ కూలిపోయి మళ్లీ మొదలైతే కావాల్సింది అంతకుముందుది. విండోస్+ఆర్ లో శాతం గుర్తు, టెంప్, శాతం గుర్తు టైప్ చేసి తెరిచిన ఫోల్డర్‌లో, పేరులో 'ఓల్డ్' ఉన్న ఎన్‌వీడీఏ లాగ్ అది. ఎన్‌వీడీఏను మళ్లీ మళ్లీ మొదలుపెడితే దాని మీద కొత్తది పడిపోతుంది, వెంటనే కాపీ తీసుకోండి. పంపే ముందు జనరల్ సెట్టింగుల్లో లాగింగ్ స్థాయి చూసుకోండి. ఇన్‌పుట్-ఔట్‌పుట్ స్థాయిలో, డీబగ్ స్థాయిలో మీరు నొక్కిన కీలన్నీ అందులో పడతాయి, పాస్‌వర్డులతో సహా. ఆ స్థాయిలో పెట్టాల్సి వస్తే బ్యాంకు పనులు ముట్టుకోకుండా సమస్యను ఒకసారి రప్పించి, లాగ్ కాపీ తీసుకుని, వెంటనే పాత స్థాయికి మార్చేయండి.